ఇంజన్ ఆపి విన్న మాట

శ్రీవారికి,

ఎక్కడో గాలిమరలెక్కి గాలితో పోట్లాడే మీకు, ఇక్కడ ఎక్స్‌రే గదిలో జనం ఎముకలు చూసుకుంటూ కూర్చునే మీ ఆవిడ రాస్తున్నది. ఇంట్లో మేమిద్దరం కులాసా. మీరూ ఒంట్లో బాగానే ఉన్నారని నమ్ముతున్నాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషర్ నేనే మార్చాను. మీ కోటు జిప్పు బాగుచేయించాను. మీ కూతురికి పద్నాలుగేళ్ళొచ్చినా ఉడుత ఉడుతే, దగ్గు తగ్గగానే మళ్ళీ గంతులు. ఇక మీ చివరి ప్రశ్న: "ఆ ఆదివారం ఆటలో మమ్మల్ని దొంగలకు పట్టిచ్చిన ఓడ ఎవడిదో ఉడుత కనుక్కుందా?" దానికి కాస్త ఓపిక పట్టండి. ఫోనులో చెప్పే సంగతి కాదనే ఉత్తరం రాస్తున్నాను.

మీరూ మీ కూతురూ ఆ అంతరిక్షం ఆట మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి దాని గది తలుపు మూసి ఉంటుంది. లోపల నవ్వులు. "ఏమిటే అంత నవ్వు?" అంటే, "ఓడ సంగతిలే, నీకు అర్థం కాదమ్మా" అంటుంది. తిన్నావా అంటే ఊ. బడి ఎలా ఉంది అంటే ఊ. ఎంతో దూరాన ఉన్న మీకు కథలు కథలుగా చెప్పేది, పక్కగదిలో ఉన్న నాకు 'ఊ'తో సరిపెడుతుంది. జడ వేసేది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చునేది నేను, ముచ్చట్లన్నీ మీకు. అవునండీ, కుళ్ళుకున్నాను. కట్టుకున్న మొగుడి మీద, అదీ కన్నకూతురి కోసం.

ఉండబట్టలేక ఆస్పత్రి పక్కసందులో ఉన్న కంప్యూటర్ ఆటల సెంటరుకు వెళ్ళాను. ఇంట్లో ఓవర్‌టైమ్ అని అబద్ధమాడాను. సెంటర్ నడిపే ఆవిడ నా తెల్లకోటు చూసి ఎవరికేమైందోనని లేచి నిలబడింది. మీరాడే ఆట పేరు చెప్పి, నేర్పమన్నాను. పాపం, ఓపిగ్గా నేర్పింది.

"ఓడకి కళ్ళుండవక్కా, సెన్సర్లే. రెండు రకాలు. మొదటిది ఊరికే వింటుంది. అవతలి ఓడ ఇంజన్ వేడి, రేడియోలో మాటలు, ఏది వస్తే అది పట్టుకుంటుంది. మనం విన్నట్టు ఎవరికీ తెలీదు."

"రెండోది?"

"అది కేకేస్తుంది. మన దగ్గర్నుంచి ఒక తరంగం వెళ్ళి, తగిలినదాని మీంచి తిరిగొస్తుంది. దాక్కున్నవి కూడా బయటపడతాయి. మనకొక్కళ్ళకే కాదు, చుట్టుపక్కల అందరి తెరల మీదా కనబడిపోతాయి."

"మరి మనం కనబడకుండా ఉండాలంటే?"

"ఇంజన్ ఆపెయ్యాలి. ఓడ చల్లబడిందంటే రాయికీ దానికీ తేడా తెలీదు. కాకపోతే లోపల గాలి యంత్రం కూడా ఆగిపోతుంది. ఎక్కువసేపు ఉండలేం."

రోజూ చేసేది ఎక్స్‌రే పనే కదా, నాకు చప్పున ఎక్కింది. నెల తిరిగేసరికి మీ ఇద్దరి వెనకాలే తిరగడం నేర్చాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మీరు దొంగ ఓడలను తప్పించుకుని ఒక విరిగిన చంద్రుడి చాటున ఇంజన్ ఆపి దాక్కున్నారు. మీకు కూతవేటు దూరంలో నేనూ అలాగే ఉన్నాను. అప్పుడు ఉడుత గొంతు వినిపించింది. "నాన్నా, లెక్కల్లో తప్పాను. అమ్మకి చెప్పకేం."

మీరేమన్నారు? "మన మధ్యే ఉంటుందిలే తల్లీ" అన్నారు.

ఆ 'మన'లో నేను లేను. నా చెయ్యి నా మాట వినలేదు. రెండో సెన్సర్ నొక్కేశాను. తెరంతా తెల్లగా వెలిగింది. మరుక్షణం దొంగలు మీ మీద పడ్డారు. ఎనిమిది నెలలు కూర్చుకున్న మీ ఓడ ముక్కలైంది. ఇదీ మీ ప్రశ్నకు జవాబు. ఆ ఓడ ఎవడిదో కాదు, నాది.

ఇంటికి వచ్చేసరికి ఉడుత కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అలా నా ఒళ్ళోకి వచ్చి ఎన్నాళ్ళయిందో. సిగ్గు విడిచి రాస్తున్నాను, నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం చూసుకుని నాకే భయమేసింది. చేసిందంతా చెప్పేశాను.

తలెత్తి చూసింది. "అయితే లెక్కల సంగతి?"

"విన్నాను."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు ఆ 'ఊ' కూడా కరువైంది.

మూడో రోజు నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంజన్ ఆపి ఎంతసేపున్నావు?"

"నలభై నిమిషాలు."

"గాలి అయిపోలేదూ?"

"అయిపోవచ్చింది."

"నాన్నయితే పావుగంటకే కంగారుపడి ఇంజన్ వేసేద్దామంటాడు" అంది. నవ్వు రాబోతుంటే ఆపుకుంది. "కానీ చాటుగా వినడం తప్పమ్మా."

"తప్పే" అన్నాను. సెంటరుకు వెళ్ళడం ఆ రోజుతో మానేశాను.

ఇది జరిగి మూడు వారాలు. నిన్న బడి నుంచి రాగానే లెక్కల పరీక్ష మళ్ళీ రాసిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "నాన్నకి చెప్పావా?" అన్నాను.

"లేదు. సెలవుకి వచ్చినప్పుడు చూపిస్తా" అంది.

ఓడ పోగొట్టినందుకు మీరెన్ని తిట్టినా పడతాను. మార్కులు ఎన్నో మాత్రం ఇక్కడ రాయను. నాకు తెలుసు, మీకు తెలియదు. మీరొచ్చి ఆ కాగితం అందుకునేదాకా అలాగే ఉండనివ్వండి.

ఇట్లు,
మీ ఓడ ముంచిన
మీ ఇల్లాలు