సూపు గిన్నెలో గడ్డపెరుగు

రుచితా, బాయిలర్ పక్కన టవల్ చుట్టి ఉన్న గిన్నెను కదపకు, కడగకు, తిరిగి అరలో అసలే పెట్టకు.

రాత్రి నువ్వు పాలు తోడు పెట్టింది రూథ్ ఆంటీ మాంసం వండే గిన్నెలో. యూదులు పాలూ మాంసం కలవనివ్వరని, ఎర్ర పిడి గిన్నెలు మాంసానికి, నీలం పిడివి పాలకు అని మనం ఆవిడింట్లో అద్దెకు దిగిన రోజే చెప్పిందిగా! మందంగా ఉందని తీసుకున్నావు కాబోలు. అది వాళ్లమ్మ గిన్నెట. శుక్రవారం చికెన్ సూపు అందులోనే కాస్తుంది. ఇవాళ సాయంత్రం ఆవిడ కొడుకూ కోడలూ వస్తున్నారు.

పొద్దున ఆంటీ దాని కోసం అరలన్నీ వెతుకుతుంటే స్నానం వంకతో జారుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ మడి బిందె ముట్టుకుంటే తిట్టి, చింతపండుతో తోమించి ఊరుకుంది. ఈవిడ తిట్టదే. అదే నా భయం.

గుట్టుగా కడిగేద్దామనీ అనిపించింది. కానీ తినేది ఆవిడ కదా. ఆంటీ షాపు నుంచి రాగానే, సూపు మొదలుపెట్టకముందే నువ్వే చెప్పు. నాకు షిఫ్ట్ ఉంది. నిజంగానే ఉంది.

శ్రీవల్లి

తా.క. మూత తీసి చూశాను. ఇల్ఫర్డ్ వచ్చాక ఈ దేశం చలికి ఒక్కనాడూ తోడుకోని పెరుగు, ఇవాళ కత్తితో కోసేలా తోడుకుంది. చెంచా ముంచడానికి చెయ్యి రాలేదే.