నిద్రగన్నేరు నీడలో ఏడు కార్డులు

ఒకప్పటి నా ప్రాణమిత్రుడు లెక్కల మాస్టారికి,

ఇరవై ఆరేళ్ల కిందట మీ బడి మెట్ల మీద కూర్చుని నా మోకాలి మీద చరిచి నువ్వొక మాట ఇచ్చావు. "నిద్రగన్నేరు మీద నా చెయ్యి లేవదురా" అన్నావు. పదమూడో రోజున లేచింది. ఇన్నేళ్ల తర్వాత నిన్ను మీరు అనాలా, నువ్వు అనాలా అని కాసేపు ఆలోచించాను. తిట్టడానికి నువ్వే అనువుగా ఉంటుంది.

ఈ ఉత్తరం ఎందుకంటే, మన కార్డుల ఆటలో ఆ నిద్రగన్నేరు కార్డు మీద నిషేధం ఎత్తేశారు. నిన్న పేపర్లో ఓ మూల వేశారు. కొత్త కార్డులు అంతకు పదింతలు బలంగా వస్తున్నాయి కాబట్టి దానికిక ఎవరూ భయపడరట. పళ్లూడాక పులికి బోను తలుపు తీశారు. ఆ పులి నేనేనని నువ్వు నవ్వుకున్నా కాదనను.

అది ఏం చేసేదో మర్చిపోయి ఉండవు. బల్ల మీద పరిస్తే ఎదుటివాడు దాని నీడలో నిద్రపోతాడు, అతని వంతు దాటిపోతుంది. దాన్ని మళ్లీ మళ్లీ చేతిలోకి తెచ్చుకునే దారి నేను కనిపెట్టాను. పగలంతా ప్రెస్సులో ఇంకొకళ్ల తప్పులు దిద్ది, నాలుగేళ్ల సాయంత్రాలు పోసి ఆ అరవై కార్డుల కట్ట కట్టాను. ఫైనల్స్‌కు చేరాను. ఇంకా మూడు వారాలుందనగా మీ నియమాల కమిటీ కూర్చుంది. ఇద్దరు నిషేధించాలన్నారు, ఇద్దరు వద్దన్నారు, ఐదోవాడివి నువ్వు. ఎవరు ఎటు ఓటేశారో ఆట పత్రికలో వేశారు. నీ పేరులో ఒక్క అక్షరమైనా తప్పు పడిందేమోనని వెతికాను. పడలేదు.

మా ఆవిడ సంగతీ నీ నెత్తినే పెడుతున్నాను. ఆ నాలుగేళ్లూ నాకు సాధన చేయించింది ఆవిడే. కిటికీ పక్క బల్ల దగ్గర తన కట్టతో ఎదురుగా కూర్చునేది. అంత ఓపికైన ప్రత్యర్థి నాకు మరొకరు దొరకలేదు. కార్డుల అంచులు బల్లకేసి రెండుసార్లు తట్టి సర్దుకునేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయినా సాయంత్రం ఐదయ్యేసరికి నా చెవులు ఆ చప్పుడు కోసం చూస్తాయి. నిషేధం వచ్చిన వారానికి మా కట్టలుండే పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, "అది లేకుండా కొత్త కట్ట కడదామండీ" అంది. శవానికి పౌడరు రాయొద్దని కసిరి, పెట్టెను బీరువా మీదకు తోశాను. మళ్లీ దించలేదు. ఆవిడా అడగలేదు. ఆ సాయంత్రాలన్నీ నువ్వెత్తిన చేతి కిందే పోయాయి. ఈ ముక్క నీకు తెలియాలనే రాశాను. జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
నువ్వు అచ్చుతప్పు అని పిలిచినవాడు

*

ఒరేయ్ అచ్చుతప్పూ,

జవాబు అక్కర్లేదన్నావు. రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నువ్వు పెట్టిన తాబేలు పేరు ఊరికే పోలేదు.

ఆ కార్డు మీద కమిటీకి సంచుల కొద్దీ ఫిర్యాదులొచ్చాయి. లెక్కల ప్రకారం దాన్ని తీసెయ్యాల్సిందే. అయినా నీకిచ్చిన మాట కోసం చెయ్యెత్తకూడదనే అనుకున్నాను. ఓటింగుకు ముందు రోజు పిల్లలు వెళ్లిపోయాక చెల్లెమ్మ నా క్లాసుకు వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. నిషేధించమని అడగలేదురా. "అన్నయ్యా, నాలుగేళ్లుగా రోజూ ఆయన ఎదురుగా ఏడు కార్డులు పట్టుకుని కూర్చుంటున్నాను. నా వంతు రాదు. ఒక్కసారి ఆయనతో ఆడాలని ఉంది" అంది. వెళ్తూ వెళ్తూ, తను వచ్చినట్టు నీకు చెప్పొద్దని, నువ్వు చిన్నబుచ్చుకుంటావని మాట తీసుకుంది.

మీరిద్దరూ ఆడుకుంటున్నారనే అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ ధైర్యంతోనే నీ కోపం మోశాను. ఆ పెట్టె సంగతి నీ ఉత్తరంలోనే తెలిసింది. ఇక ఆ మాట దాచి ఎవరికి మేలు?

నీ
తాబేలు

*

ఒరేయ్ తాబేలూ,

నీ ఉత్తరం రెండు రోజులు మళ్లీ మళ్లీ చదివాను.

మూడో రోజు స్టూలెక్కి పెట్టె దించాను. ఆవిడ కట్టకున్న రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది. నా కట్టలోంచి నిద్రగన్నేర్లు నాలుగూ తీసి కిటికీలో పెట్టాను. ఆవిడ కుర్చీ ముందు ఏడు కార్డులు పంచి, మొదటి వంతు ఆవిడకే ఇచ్చాను. రెండు వైపులా నేనే ఆడాను, ప్రూఫు చూసినంత శ్రద్ధగా, ఎటూ మొగ్గకుండా. అన్నేళ్లు ఎదురుగా కూర్చుని ఆవిడ చేతిలో ఏముందో ఒక్కనాడూ చూడలేదురా. ఐదో వంతులో ఓడిపోయాను. కలిపి మళ్లీ పంచాను. మళ్లీ ఓడిపోయాను. నన్ను ఓడించగల మనిషి పక్కనే ఉండగా ఫైనల్స్ కోసం ఊళ్లు తిరిగాను.

ఇప్పుడు నన్ను నేనే నిందించుకుంటానని నువ్వు ఎదురుచూస్తుంటావు. పుస్తకాల్లో ముసలివాళ్లంతా చివరి పేజీలో చేసే పని అదే. నేను చాలా పుస్తకాలు దిద్దాను, ఆ పేజీ మీద నాకు నమ్మకం లేదు. నిషేధం తర్వాత ఆవిడ పదిహేడేళ్లు బతికింది. అన్నేళ్లలో ఒక్క ఆదివారం నా తలుపు తట్టి, "ఒరేయ్, మీ ఆవిడకు ఒక వంతియ్యరా" అని ఉంటే, నిన్ను మెట్ల మీంచి తోసేసి మరీ వెళ్లి పెట్టె దించేవాణ్ణి. నిలబెట్టుకోవాల్సిన మాట తప్పావు, తప్పాల్సిన మాట నిలబెట్టుకున్నావు.

ఆదివారం రా. ఆవిడ కట్టతో నువ్వు ఆడాలి. రెండు వైపులా నేనే ఆడుతుంటే ఆ చప్పుడు సరిగ్గా రావడం లేదు. వచ్చినంత మాత్రాన క్షమించేశాననుకోకు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ కార్డు మీదా పోయింది. ఇప్పటికీ నేను తప్పుపట్టే మనిషి ఒక్కడే, తాబేలూ, అది నువ్వే.

అచ్చుతప్పు