సముద్రం ఒడ్డున రెండు రోజులు

చింతామణి,
9 జూలై 1944

నాయనా కృష్ణప్రసాద్,

నువ్వు హైస్కూల్లో నా ముందు బెంచీ మీద కూర్చున్న రోజుల్లోనూ, ఆ తర్వాత నా అల్లుడివైనప్పుడూ నేను నీతో దేన్నీ డొంకతిరుగుడుగా చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. పంకజ లేదు. మొన్న గురువారం మధ్యాహ్నం చలిజ్వరంతో పోయింది. ఐదు రోజుల జ్వరం, అంతే. ఈ నాలుగు మాటలు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఎలా పోయిందని అడుగుతావు. జ్వరంతో పోయిందంటే నేను ఒప్పుకోను. నా బిడ్డను ఈ ప్రభుత్వం చంపింది. జావా దీవి జపాను వాళ్ళ చేతికి పోయింది కాబట్టి క్వినైన్ లేదట. ఉన్న కాస్తా సైన్యానికేనట. నేనడుగుతాను, దోమ కుట్టేముందు యూనిఫారం ఉందా లేదా అని చూసి కుడుతుందా? మన పిల్లల్ని పట్టుకుపోయి ఎవడి సామ్రాజ్యం కోసమో ఊరుగాని ఊళ్ళో నిలబెడతారు, ఇక్కడ వాళ్ళ పెళ్ళాలకు నాలుగు మాత్రలివ్వడానికి చేతులు రావా? బట్లహళ్ళి నుంచి బాగేపల్లి దాకా ఇంటికొకరు వణుకుతూ పడుకొని ఉన్నారు. గురువారం తెల్లారి రైలెక్కి చిక్కబళ్ళాపురం వెళ్ళాను. మందుల అంగళ్ళన్నీ తిరిగాను. ఒక్క మాత్ర దొరకలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. దీన్ని హత్య అనక మరేమనాలో, చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు.

ఇక నీ సెలవు సంగతి. ఆగస్టులో ఒక శనివారం, ఆదివారం నీకు సెలవనీ, మధ్యధరా సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊరికి పంపిస్తారనీ, ఊరి పేరు రాయనివ్వరనీ మే నెలలో రాశావు. "ఏం చేయాలో నువ్వే చెప్పు, అట్లే చేస్తాను" అన్నావు పంకజతో. ఆ ఉత్తరం వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో అదే పని. బడి నుంచి అట్లాసు తెచ్చి నేల మీద పరిచింది. నువ్వు రాసిన ఆనవాళ్ళు మూడే కదా, నిమ్మతోటలు, తెల్ల ఇళ్ళు, కొండ మీదికి మెట్లు. వాటిని పట్టుకొని ఇటలీ దేశమంతా వేలితో తడిమింది. సముద్రమే చూడని పిల్ల!

"పొద్దున్నే ఎవురూ నిద్ర లేపకూడదు. అది మొదటిది" అంటూ రాసుకుంది. తర్వాత మంగలి దగ్గర తీరిగ్గా గడ్డం. తర్వాత ఎవరింట్లోనైనా కింద కూర్చొని, ఆడమనిషి చేతి వంట. ఆ తర్వాత మోకాళ్ళ లోతు నీళ్ళలో ఊరికే నిలబడటం. నువ్వు పోయాక బాగేపల్లి ఇల్లు మూసుకొని మాతోనే ఉంటోంది కదా మీ అమ్మ, ఆమె పక్కనుంచి, "ఊరికే నిలబడితే యేం లాభం? ముక్కు మూసుకోని మూడు మునకలెయ్యమని రాయమ్మా" అంది. నేనూ ఒకటి చేర్చాను. అక్కడి జాలర్లను కలిసి, వాళ్ళ దేశంలో నియంతను ఎలా దించారో అడిగి తెలుసుకోమని. పంకజ పెన్సిలుతో దాన్ని కొట్టేసింది. "అప్పా, రెండే దినాల సెలవు. దాంట్లో కూడా మీటింగు పెట్టిస్తావా?" మీ అమ్మకు నవ్వి నవ్వి పొలమారింది.

ఆ కాగితం జూన్‌లోనే పంపింది. నీకు అందే ఉంటుంది.

ఈ ఉత్తరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీ అమ్మ కాగితానికీ కవరుకూ నాలుగు మూలలా పసుపు పెడతానని కూర్చుంది. చావు కబురు మోసే ఉత్తరానికి పసుపు పెట్టరని తెలియని మనిషి కాదు. "తెలుసన్నా. అయినా యుద్ధంలో ఉండే పిల్లోనికి పసుపు లేని కాగితం పంపిస్తామా? నా కొడుకు బతికుండాడు కదా?" అంటోంది. పసుపు చూసి నువ్వు శుభవార్త అనుకుంటావేమోనని నాకు తోచింది. వద్దనబోయాను. ఏ నోటితో అనను? పసుపు పెడితే శుభం, పెట్టకపోతే అశుభం అనే పిచ్చిని వెక్కిరిస్తూ ఇరవై ఏళ్ళు పత్రికలకు రాసినవాణ్ణి. "పసుపుతో ఏమవుతుందమ్మా, పెట్టుకో" అన్నాను.

ధైర్యంగా ఉండమని చెప్పను. కోపంగా ఉండు.

నీ మామ,
ఆదిశేష


ఇటలీలో ఒకచోట,
13 ఆగస్టు 1944, ఆదివారం

మామా,

మీ ఉత్తరం నాలుగో తేదీనే అందింది. ఈ సాయంత్రం దాకా విప్పలేదు.

సెన్సారు చీటీ అంటించిన కవరు మీద, మూలల్లో పసుపు చూశాను. ఇంట్లో ఏదో మంచి జరిగిందనుకున్నాను. పంకజకు పెద్ద బడిలో ఉద్యోగం ఖాయమైందేమో అనుకున్నాను. ఇక్కడ మంచి కబురు వస్తే వెంటనే చదివేయం, దాచుకుంటాం. సముద్రం ముందు కూర్చొని చదువుదామని జేబులో పెట్టుకున్నాను. తను పంపిన కాగితంలో ఆదివారం సాయంత్రానికి ఏమీ రాయలేదు. "ఇది నీ ఇష్టం" అని వదిలేసింది. ఆ గంటకు మీ ఉత్తరాన్ని అట్టిపెట్టాను.

తను చెప్పినట్టే చేశాను. నిన్న పది దాకా నిద్రపోయాను. ముసలి మంగలి గడ్డం చేస్తూ నా మీసాన్ని వదలలేక వదిలాడు. ఒకామె, సబ్బు బిళ్ళ ఇస్తే, వంటింట్లో పీట వేసి రొట్టె, టమాటాల పులుసు పెట్టింది. మూడు మునకలూ వేశాను. నీళ్ళు ఉప్పగా ఉంటాయని తెలుసుగానీ కళ్ళు ఇంత మండుతాయని ఎవరూ చెప్పలేదని తనకు రాయాలనుకున్నాను. ఈ సాయంత్రం దాకా, మామా, తను బతికే ఉంది. ఆ పసుపును తిట్టాలో, దానికి దండం పెట్టాలో నాకు తెలియడం లేదు.

సెన్సారువాడు మీ ఉత్తరంలో చాలా భాగం నల్లసిరా పూసేశాడు. పంకజ లేదని ఉంది. జ్వరం అని ఉంది. "ఎలా పోయిందని అడుగుతావు" అని ఉంది. ఆ కింద అంతా నలుపే. వెలుతురుకు పట్టి చూస్తే "మాత్ర" అన్న ఒక్క మాట కనబడింది. మాకిక్కడ జ్వరం రాకుండా రోజూ వరుసలో నిలబెట్టి మాత్ర మింగిస్తారు. చేదని చాలామంది ఉమ్మేస్తారు. నేనూ ఉమ్మేశాను.

ఇంకోసారి రాయండి. ప్రభుత్వం సంగతి వద్దు, వాళ్ళు ఉంచరు. ఆ రోజు ఏం జరిగిందో అంతవరకే రాయండి. మందు దొరికిందా? తన పక్కన ఎవరున్నారు? రేపు పొద్దున్నే మమ్మల్ని వెనక్కి తీసుకుపోతున్నారు. ఇంటికి రావడానికి సెలవడిగాను. లేదన్నారు.

మీ
కృష్ణప్రసాద్


చింతామణి,
17 సెప్టెంబరు 1944

నాయనా,

ప్రభుత్వం సంగతి రాయను. అది పక్కన పెట్టి కూర్చుంటే నా కలం ఒక పూటంతా కదల్లేదు.

సెన్సారువాడు చెరిపేసిన చోట ఒక అబద్ధం ఉంది. మందు దొరకలేదని రాశాను. దొరికింది. చిక్కబళ్ళాపురంలో పిళ్ళప్ప అనే కాంపౌండరు తన పిల్లల కోసం ఇంట్లో దాచుకున్న పన్నెండు మాత్రలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "బిన్నే పోండి మేష్ట్రే, ఆలస్యం చెయ్యొద్దు. పదకొండు గంటల బండికి ఇంకా పొద్దుండాది" అన్నాడు.

స్టేషన్‌కు వచ్చాను. బండి నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం మీద రెవెన్యూ కచేరీ శేకుదారు ఒకడు, బండెక్కడానికొచ్చిన రైతుల్ని వరుసగా నిలబెట్టి యుద్ధనిధికి చందా వసూలు చేస్తున్నాడు. ఒక ముసలామె కొంగుముడి విప్పుతూ ఏడుస్తోంది. ఊరుకోలేకపోయాను. ఇది ఏ చట్టమని అడిగాను. "అడిగేదానికి నీవెవురప్పా? టికెట్టుంటే బండెక్కి కూకో" అన్నాడు. అప్పుడైనా ఎక్కి ఉండాల్సింది. పక్కనున్న పెట్టె మీదికి ఎక్కి నిలబడ్డాను. జావా గురించి, దోమ గురించి, సామ్రాజ్యం గురించి, నీకు రాసినవన్నీ అక్కడ మాట్లాడినవే. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. బండి కూసింది, కదిలింది. నా కళ్ళ ముందే కదిలింది. సగంలో ఉన్న వాక్యాన్ని పూర్తి చేసి గానీ పెట్టె దిగలేదు.

ఆ ముసలామె చందా ఇచ్చే పోయింది.

తర్వాత బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాను. అది శిడ్లఘట్ట దాటాక నిలిచిపోయింది. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ.

పంకజ పక్కన మీ అమ్మ ఉంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "బండి కూత ఇనపడినాది. పాప కండ్లు తెరిచి, 'అప్ప వచ్చేసినాడత్తా' అనె. 'వచ్చినాడమ్మా, స్టేషన్ నుంచి నడిచి వస్తాండాడు' అంటి. వాకిలి దిక్కే చూస్తా ఉండె. నీళ్ళు తాపిస్తి. ఇంకా రాలేదా అని రెండు మార్లు అడిగె. మళ్ళీ అడగలేదు."

మీ అమ్మకు తెలిసింది బండి తప్పిపోయిందని మాత్రమే. ఎందుకు తప్పిందో నిన్న చెప్పాను. విని, లేచి, నాకు అన్నం వడ్డించింది.

పొట్లం నా దగ్గరే ఉండిపోయింది. అవి నకిలీ మాత్రలై ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ రోజుల్లో సుద్దపొడిని మాత్రలు చేసి అమ్మేవాళ్ళు లేరా? పిళ్ళప్పను కూడా ఎవడో మోసం చేసి ఉంటాడు. నకిలీవైతే నేను ఆ బండి ఎక్కినా ఒకటే, ఎక్కకపోయినా ఒకటే. రెండు నెలలుగా ఆ ఒక్క ఆశ మీదే అన్నం తిన్నాను. పోయిన వారం పక్క వీధి మునిరత్నమ్మకు ఇదే జ్వరం పట్టుకుంది. మందేమైనా మిగిలిందా అని వాళ్ళాయన అడగడానికి వచ్చాడు. లేదందామనుకున్నాను. పని చేస్తాయేమోనన్న భయంతో, నాయనా. చివరికి పొట్లం తీసి ఇచ్చాను.

ఈ పొద్దున మునిరత్నమ్మ తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. "మీ మందు బాగా పని చేసినాది మేష్ట్రే" అని చెప్పి పోయింది.

ఆదిశేష