తప్పంతా సూదిదే

సోమవారం, సాయంత్రం
కుడి మోకాలికి స్టెరాయిడ్ సూది పడింది. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు తొక్కని బ్రేకులన్నీ నేను తొక్కి అరగదీసిన మోకాలు మరి!
డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "మీకు షుగరుంది. ఈ సూదికి ఇంకాస్త పెరుగుతుంది, ఓ వారం ఉండొచ్చు. రోజూ రెండు పూటలా చూసుకోండి. మూడొందలు దాటినా, దాహం ఎక్కువైనా ఫోన్ చెయ్యండి. తీపి ముట్టొద్దు."
ముట్టను! వారమేగా!
మా ఆవిడ నవ్వింది. ఎందుకో తెలీదు.

మంగళవారం, పొద్దున
210. కంగారు పడలేదు, ముందే చెప్పారుగా. మోకాలు మాత్రం అద్భుతం! మూలగకుండా మెట్లు దిగాను. చక్కెర లేని టీ తాగాను. కషాయంలా ఉంది. మనిషన్నాక ఆ మాత్రం నిగ్రహం ఉండాలి.

బుధవారం
గేరు మార్చమంటే వైపర్ వేసే బ్యాంకు గుమస్తా లైసెన్సు కొట్టేశాడు! కేకు తెచ్చాడు. "మీరు నోరు తీపి చేసుకోకపోతే నేనూ తినను గురువుగారూ" అని భీష్మించాడు. శిష్యుణ్ణి పస్తుంచడం పాపం. ఒక్క ముక్క. తర్వాత ఇంకో ఒక్క ముక్క.
సాయంత్రం 286. మా ఆవిడ కళ్లెర్రజేసింది.
"సూది ప్రభావం. డాక్టరమ్మ చెప్పలేదూ?" అన్నాను.
నా మాటకి సరేనంది! ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి.

గురువారం
తీరిగ్గా ఆలోచించాను. తిన్నా పెరుగుతుంది, తినకపోయినా పెరుగుతుంది. మరి కడుపు మాడ్చుకోవడం దేనికి?
రెండు ఐస్‌క్రీములు. 318.
"పాపం, ఎంత పాడు సూదో!" అంది మా ఆవిడ. సిగ్గేసింది. కొంచెమే. డాక్టరమ్మకి ఫోన్ రేపు చేస్తా.

శుక్రవారం
షుగరు చూసుకోలేదు. మిషన్లో పెట్టే స్ట్రిప్పులు కనబడలేదు. (వెతకలేదు.) ఫోనూ చెయ్యలేదు. ఒకటే దాహం. పాఠం మధ్యలో కారాపించి బాత్రూముకి పరుగు. ఎండల వల్ల కాబోలు.

శనివారం
పొద్దున లెక్కల టీచరమ్మకి పాఠం. రిటైరయ్యాక నేర్చుకుంటోంది, పరీక్ష తప్పడం ఆవిడకి అలవాటే. కూడలి దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ నాకు మసగ్గా కనబడింది. "పోనివ్వండి" అన్నాను.
ఆవిడ బ్రేకు తొక్కింది. "ఎర్ర లైటు మాస్టారూ!"
ముందునుంచి లారీ దూసుకుపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.
కారు పక్కకి తీసి అడిగింది: "ఏమైంది మీకు?"
"సూది వేయించుకున్నానండీ, దాని ప్రభావం..."
"అది సరే. ఏం తిన్నారు?"
ముప్పై ఏళ్లు పిల్లల సాకులు విన్న మనిషి. నా పప్పులు ఉడకలేదు. ఐస్‌క్రీములతో సహా కక్కేశాను.
క్లినిక్‌కి ఆవిడే నడిపింది. ఇంజను ఒక్కసారీ ఆగలేదు. రెండు కార్ల సందులో సాఫీగా పార్కు చేసింది. నేను మాత్రం 412.
"సూది పెంచింది కొంత. మిగతాది మీ పుణ్యం" అంది డాక్టరమ్మ. మందు మార్చి, సాయంత్రం దాకా కదలనివ్వలేదు.
మా ఆవిడ పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఆదివారం
పొద్దున 238. నిజం చెప్పేశాను.
"తెలుసు" అంది మా ఆవిడ. "మీరే చెబుతారని చూశాను. లారీ దాకా వస్తుందనుకోలేదు."
"రేపట్నుంచి మళ్లీ మొదలుపెడతా."
"రేపు దేనికి?" చెప్పులు తెచ్చి నా ముందు పడేసింది.
వీధి చివరిదాకా నడిచాం. ఎప్పుడూ ఆవిడ ముందు, నేను వెనకాల కుంటుకుంటూ. ఇవాళ పక్కపక్కనే. ఎన్నాళ్లయిందో!
ఇంటికొచ్చి రాస్తున్నా: వారం రోజులు తీపి బంద్. రెండు పూటలా షుగరు చూసుకోవడం. ఇది మొదటి రోజు.
మొదలుపెట్టి నలభై నిమిషాలైంది. బ్రహ్మాండంగా సాగుతోంది!