కొర్రమట్ట జిగురు

ధరూర్,
12-4-2006.

ప్రియమైన తమ్ముడు కురుమూర్తికి అక్క ఉమారాణి దీవించి రాసేది. ఇక్కడ నేను, బావ, పిల్లలు మంచిగున్నం. నువ్వు గూడ మంచిగున్నవని తలుస్త. అమ్మ సంగతి కింద రాస్త, జర ఓపిక పట్టు.

చెరువుల చాపలకు మళ్ల రోగమొచ్చిందా అని అడిగినవు గదా. చలికాలంల వచ్చింది. ఒంటినిండ ఎర్ర పుండ్లు లేసి ఎన్నో సచ్చి తేలినయి. బావ వల ఎండేసి కూలికి పోయిండు. ఎండలు మొదలైనంక కొన్ని కొర్రమట్ట చాపలకు పుండ్లు మానినయి. అది సూసి అమ్మ ఎంత సంబురపడ్డదో!

నీ కాలేజీల చాపల మీద సదువుతున్నదంత నువ్వు పోయిన ఉత్తరంల రాస్తే, అందరికి సదివి వినిపిచ్చిన. చాప ఒంటి జిగురుల పెప్టైడ్లని సన్నసన్న ముక్కలుంటయని, అవి బ్యాక్టీరియా పొరకు బొక్కపెట్టి సంపుతయని, కొన్ని వైరసులను గూడ ఆపుతయని. బావకు తలకెక్కలే. అమ్మ మాత్రం తెల్లారి వాడకట్టంత తిరిగొచ్చింది, "మా కురుమూర్తి చాపలల్ల మందు కనిపెట్టిండు" అనుకుంట. మనుషులకు మందు కావాలంటే ఇంక ఏండ్లు పడ్తదని గూడ నువ్వు రాసినవు. అది గూడ సదివిన. ఆమె చెవికెక్కలే.

ఇగ చెప్పక తప్పదు తమ్మీ. నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల అమ్మ నా చెయ్యి పట్టుకొని "వాని పరీక్షలు గానియ్యే" అన్నది, నేను అంత మంచిదే అన్న. నిన్న నేనే ఫోన్ బూతు దాక పోయి, నంబరు కొట్టకుంటనే తిరిగొచ్చిన. అందుకే రాస్తున్న. అమ్మకు ఎడమకాలుకు చెప్పు కరిచి పుండయింది. షుగరున్న మనిషాయె. దవాఖానకు పోదాం పా అంటే, "నా కొడుకు మందు ఇంట్లుండంగ దవాఖాన ఏందే" అన్నది. పుండ్లు మానిన కొర్రమట్టను బావతోని తెప్పిచ్చుకొని, దాని జిగురు తీసి, నాకు తెల్వకుంట పుండుకు రాసి గుడ్డ కట్టుకుంది. వాసనొచ్చి విప్పి సూస్తే పాదం నల్లబడ్డది. కర్నూలు తీస్కపోయినం. మోకాలు కిందికి కాలు తీసేసిండ్రు.

అసలే షుగరు, పైన చెరువు నీళ్ల పురుగులన్ని ఆ జిగురుతోని పుండు లోపలికి పోయినయని డాక్టర్ సాబ్ అన్నడు. అబద్ధమెందుకు, దవాఖాన వరండల కూసోని నిన్ను మస్తు తిట్టుకున్న. తిట్టి తిట్టి ఏడ్సిన. నీ తప్పేం లేదని నాకు తెల్సు.

అమ్మ మాత్రం డాక్టర్‌తోని కొట్లాటకు దిగింది. "నా కొడుకు చెప్పింది తప్పెట్లయితది? నేనే వేరే చాపను పట్టుకున్న" అన్నది. ఇప్పటికి అదే మాట.

ఇప్పుడు కుడికాలు బొటనవేలుకు పుండు లేసింది. కాళ్లు మొక్కిన, దవాఖానకు రానంటుంది. ఏ చాపో నువ్వు రాస్తవని పోస్టుమాన్ కోసం ఎదురుసూస్తుంది. నేను చెప్తే నమ్మది, డాక్టర్ చెప్తే నమ్మది. నువ్వు జవాబు రాయకు, బండెక్కి రా. అది మందు గాదని నీ నోటితోనే చెప్పాలె.

ఇట్లు,
నీ అక్క
ఉమారాణి