ఇసుకలో రెండో నీడ

నవంబర్ 3, ఆదివారం

...రాస్తూ అక్కడే ఆపేశాను నిన్న, అమ్మ మడతపెట్టిన బట్టలతో గదిలోకి వచ్చేసింది. అత్త బీచ్‌లో రాళ్ల దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నేను గుర్తుపట్టనేమో అనుకుందో ఏమో, చెయ్యి సగం ఎత్తి ఆపేసింది. గుర్తుపట్టకపోవడమేంటి! నా ఏడేళ్లప్పుడు నన్ను ఇసుకలో బోర్లా పడుకోబెట్టి, గవ్వ ముందు కెమెరా ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆవిడే కదా. నాన్న కూడా వచ్చేవాడు అప్పుడు. టవల్ భుజాన వేసుకుని మాకు కాపలా. అల వస్తోంది, లేవండర్రా అని అరిచేవాడు. మేం లేచేవాళ్లం కాదు. ముగ్గురం తడిసి ఇంటికొచ్చేవాళ్లం. చెల్లెలూ కూతురూ ఇద్దరూ ఇద్దరే, బయటే దులుపుకుని రండి అనేవాడు. నవ్వుతూనే.

తాతయ్య పోయాక అదంతా పోయింది. మంచం మీదున్న తాతయ్య ఒక్కసారి సముద్రం చూపించమని అడిగితే, అత్త ఎవరికీ చెప్పకుండా వీల్‌చైర్‌లో తీసుకెళ్లింది. తర్వాతి వారం ఊపిరితిత్తుల్లో నెమ్ము. అందరి ముందూ నాన్న అత్తతో, మన నాన్నని చంపింది నువ్వే, మళ్లీ ఈ గడప తొక్కకు అన్నాడు. అత్త తొక్కలేదు. ఆయన ఇంతవరకూ ఆవిడ ఊసే ఎత్తలేదు.

నేను కలిశానని తెలిస్తే కొట్టడు. నాతో కూడా మాట్లాడటం మానేస్తాడు. అది ఆయనకి ఎంత బాగా చేతనవుతుందో చూశాను. అదే నా భయం.

నవంబర్ 5, మంగళవారం

స్కూల్ బస్సుకి ముందే వెళ్లొచ్చాను. వాక్ అని చెప్పి.

ఒక ఈక దొరికింది, అంచు పొడుగునా నీటి బొట్లు గుచ్చినట్టు. నురగలో ఒక్క బుడగ, అందులో ఆకాశం తలకిందులు. పీతలు కన్నం చుట్టూ పోసిన ఇసుక ఉండలు, ఆవగింజల కంటే కాస్త పెద్దవి, రేకులు రేకులుగా. అల వచ్చేలోపు ఫోన్‌తో ఫోటో తీసెయ్యాలి. అత్తకి ఇప్పటికీ అదే నస. ఎండ ఎదురుగా పెట్టుకోవే, నీ తల నీడ దాని మీద ఎందుకు, గవ్వకి గొడుగు పడుతున్నావా అని.

అన్నయ్య టీలో పంచదార మానేశాడా అని నాన్న గురించి అడిగింది. లేదన్నాను. మొండి వెధవ అంది. ఎంత సంతోషంగా అందో.

ఆదివారం బస్సుకి తనుండే ఊరు వెళ్లిపోతుందట. పొద్దున్నే ఒకసారి రాళ్ల దగ్గరికి రా అంది. మళ్లీ ఎప్పుడో తెలీదు.

నవంబర్ 6

నాన్న వారం వారం చేసే నా ఫోన్ చెకింగ్ ఇవాళ లేదు, రేపట. భయం లేదు. ఫోటోలన్నీ ఇసుకే కదా.

నవంబర్ 7, గురువారం, సాయంత్రం

హడావిడిగా రాస్తున్నాను, రైటింగ్ ఛండాలంగా ఉంది.

ఎప్పటిలాగే నాన్న నా ఫోన్‌లో ఫోటోలు గబగబా తోసేస్తున్నాడు. ఇసుక, ఇసుక, మళ్లీ ఇసుక, దీనికేనా నీ స్టోరేజ్ అంతా అంటున్నాడు. ఆగిపోయాడు. పీత ఉండల ఫోటో. కింది మూల రెండు తలల నీడలు. ఒకటి నా పోనీటెయిల్. ఇంకోటి ముడి, ముడిలో అడ్డంగా పెన్సిల్. ఏదీ నన్నూ చూడనీ అంటూ అత్త వెనక నుంచి వంగింది, నేను క్లిక్ చేశాను. ఇంటికొచ్చి ఎన్నిసార్లు చూసుకున్నానో ఆ ఫోటో. ఉండలే చూశాను. స్టుపిడ్. స్టుపిడ్.

ముడిలో పెన్సిల్ పెట్టుకునే మనిషి మా ఇంట్లో ఒక్కరే.

నాన్న జూమ్ చేశాడు. ఎవరు అన్నాడు. ఫ్రెండ్ అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నవంబర్ 8

మాట్లాడలేదు. అమ్మతో కరెంటు బిల్లు గురించి మాట్లాడాడు. నాతో లేదు. మొదలైపోయింది.

నవంబర్ 9, శనివారం

భోజనాలయ్యాక ఫోన్ నా టేబుల్ మీద పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. కిటికీ వైపు చూస్తూ, మళ్లీ ఎప్పుడు అన్నాడు. అబద్ధం రెడీగానే ఉంది. నోట్లోంచి రాలేదు. రేపు పొద్దున్నే, రాళ్ల దగ్గర, ఆ తర్వాత బస్సుకి వెళ్లిపోతుంది అని మొత్తం చెప్పేశాను. తల ఊపాడు. వెళ్లిపోయాడు.

గ్యాలరీ చూశాను. ఫోటో డిలీట్ చెయ్యలేదు. పక్కన ఇంకోటి ఉంది, క్రాప్ చేసింది. పీత ఉండలు లేవు. నేను లేను. రెండో తల ఒక్కటే, ముడీ పెన్సిలూ.

ఎందుకు? ప్రూఫ్ దాచుకున్నాడా? రేపు తనే వెళ్లి అందరి ముందూ మళ్లీ అరుస్తాడా? అత్తకి ఫోన్ చేసి రావద్దని చెప్పాలి. నంబర్ లేదు. భయమేసి నేనే తీసుకోలేదు.

నవంబర్ 10, తెల్లారకముందే

తలుపు కొడుతున్నాడు. లేచావా, త్వరగా రావే, లేటైతే అది వెళ్లిపోతుంది అంటున్నాడు. అత్తని అది అన్నాడు, అప్పట్లోలాగే. తాతయ్య పోయాక మొదటిసారి. ఈ పేజీలు దిండు కవర్లో దాచి