రికార్డరులో పడిన ప్రార్థన

చిట్టితల్లీ,

నీ భాషాశాస్త్ర పరిశోధన కోసం నా మాటలు రికార్డు చేసి, రికార్డరు ఆపకుండానే స్నానానికి వెళ్ళిపోయావన్నమాట. ఆ తర్వాత నేను చేసుకున్న ప్రార్థనా అందులో పడింది. "ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి గొంతు ఎలా మారుతుందో మా క్లాసులో వినిపిస్తానక్కా. నువ్వు వద్దంటే చెరిపేస్తా" అని రాశావు.

మొదట మనసొప్పలేదు. అది నాకూ దేవుడికీ మధ్య మాట. కానీ నేను అడిగిందేమిటి? నత్తి వల్ల చిన్నప్పుడు నలుగురిలో నోరు విప్పని నా చెల్లెలు పాఠం చెప్పేటప్పుడు తడబడకూడదనే కదా. ఇప్పుడు నలభై మందికి చెబుతున్నావు. వినిపించు.

మాట్లాడినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదన్నది మీ నియమమట. పెట్టకు. ఎవరిదా గొంతని అడిగితే మాత్రం "మా పెద్దక్కది" అను. అది పేరు కాదుగా.

నీ
పెద్దక్క